ఖాళీ గదిలో థోరియం

ట్రాకింగ్ స్టేషన్‌లో కొలతలు చూసే నోయెల్ టిప్పెట్ శవం గొర్రెల నీళ్ళతొట్టి పక్కన దొరికింది. మెడ మీద సూది గుర్తు.

ఆస్ట్రేలియా మొనారో మైదానంలో, అంతరిక్ష నౌకలతో మాట్లాడే ఆ స్టేషన్‌లో ఏజెంట్ క్లైవ్ రెన్షా ఎనిమిది నెలలుగా కంచె పనివాడి వేషంలో ఉన్నాడు. మధ్యాహ్నం చీఫ్ మోనా ట్రెంబాత్ అతన్ని పిలిచి తలుపు వేసింది. విదేశీ ముఠా సందేశం పట్టుబడింది. ఈరోజే, నాలుగూ పదికి, ఇక్కడినుంచే దొంగ కమాండ్. బుధగ్రహం చుట్టూ తిరుగుతున్న నౌక తన ఎండగొడుగు చాటునుంచి పక్కకి తిరిగి మాడిపోతుంది. ఆ నేలలో ఏ మూలకం ఎక్కడుందో చెప్పే మొదటి పటం, వెనకే వస్తున్న ముఠావాళ్ళ నౌకదవుతుంది.

"ఎవరు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

నోయెల్ జేబులోని కాగితం ఇచ్చింది. నేల విడిచే కిరణాలను బట్టి మూలకాన్ని గుర్తుపట్టే యంత్రం నౌకలో ఉంది, దాని జంట స్టేషన్‌లో ఉంది. రోజూ గంటసేపు గది ఖాళీ చేసి, చుట్టూ ఊరికే ఉన్న కిరణాలెన్నో దానితో కొలుస్తారు. సొంత లెక్క ముందు తీసేయకపోతే యంత్రం తన లోహాన్నే గ్రహం అనుకుంటుంది. మంగళవారం లెక్కలో థోరియం, కిరణాలు విడిచే లోహం; ఖాళీ గదిలోకి ఎవరో తెచ్చారు. ఆ మాట చుట్టూ నోయెల్ సున్నా గీశాడు. నౌకకి కమాండ్లు పంపే కోడ్ పుస్తకం ఉండేదీ ఆ గదిలోనే.

క్లైవ్ థోరియం కడ్డీలుండే వెల్డింగ్ షెడ్డు, థోరియం వత్తుల లాంతర్లు, అందరి బీరువాలూ వెతికాడు. నాలుగవుతుండగా ఆగిపోయాడు. నాన్న పాత ఫిల్మ్ కెమెరా. థోరియం గాజు కటకం, టీ రంగుకి తిరిగింది. రికార్డుల గుమస్తా ఐరిస్‌కి పుట్టినరోజుకి తనే ఇచ్చాడు. ఆరు నెలలుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఆ ఒక్క ఇల్లే వెతకలేదు.

నాలుగూ తొమ్మిది. కంట్రోల్ రూమ్‌లో ఆమె ఒక్కతే ఉంది. ఎర్రటి లిప్‌స్టిక్, మీట మీద వేలు.

"నోయెల్?" అన్నాడు.

"కాగితం ముందు నాకు చూపించాడు. నీకు చూపించాల్సింది."

"నేనెవరో తెలుసా?"

"మొదటిరోజే. నీ కంచె వంకర."

ఆమె మీట నొక్కుతుండగా క్లైవ్ నడుమునుంచి కంచె కత్తెర లాగి యాంటెన్నా తీగ కోశాడు. తెర నల్లబడింది. గడియారం నాలుగూ పది చూపింది.

ఐరిస్ నవ్వబోయి మానేసింది. "ఎనిమిది నెలల్లో నువ్వు సరిగ్గా కోసిన తీగ ఇదొక్కటే."

ఐరిస్‌ని పట్టుకెళ్ళిన మర్నాడు గది ఖాళీ చేసి కొలిచారు. థోరియం లేదు. క్లైవ్‌కి వెనక్కి రమ్మని ఆర్డరొచ్చింది. వెళ్ళేముందు పడమటి కంచె విప్పి మళ్ళీ కట్టాడు. ఈసారి తిన్నగా వచ్చింది. వంకలు పెట్టేవాళ్ళే లేరు.