అందని చెయ్యి

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు, నేపుల్స్‌లోని ఆ చిన్న చర్చి పక్కగోడ ఖాళీ అయింది. సిలువ మీద నుంచి క్రీస్తును దించుతున్న నిలువెత్తు పాత చిత్రం తెల్లారేసరికి లేదు. ముసలివాళ్లు మాత్రం ఖాళీ గోడ పక్కనే మోకరించారు.

"విదేశీ ముఠా. నాయకుడు అన్సెల్మ్," అంది రహస్య విభాగం అధిపతి స్కాలా. "సాయంత్రం వాడి ఓడ కదిలితే చిత్రం ఇక మనది కాదు. లోపల మన ఏజెంటు ఉంది. 'కాఫీ చేదు తగ్గింది' అంటే, చిత్రం ఓడలో ఉన్నట్టు."

"ఎవరా ఏజెంటు?" అన్నాడు ఆమె కింద పనిచేసే రుజెరో.

"ఓర్సోలా. నీ మాజీ భార్య."

"వాడితో ఎన్నాళ్లుగా ఉంటోంది మేడమ్?"

"చిత్రం గురించి అడుగు రుజెరో."

వెయిటర్ వేషంలో ఓడెక్కాడు. డెక్ మీద ఓర్సోలా అన్సెల్మ్ టై సరిచేస్తోంది, ఒకప్పుడు తనకు చేసినట్టే. రుజెరో కాఫీ కప్పులను ఠక్కున వాళ్ల ముందు పెట్టాడు.

"కాఫీ చేదు తగ్గింది," అంది ఆమె, అతని ముఖం చూడకుండా.

"తమరి అలవాట్లు మారినట్టున్నాయి మేడమ్."

"ఈ ఊళ్లో వెయిటర్లు కూడా అలుగుతారా?" నవ్వాడు అన్సెల్మ్.

అతని కేబిన్‌ను రుజెరో మారుతాళంతో తెరిచాడు. పెట్టె విప్పి, పెన్నులో దాచిన అతినీలలోహిత దీపం వేశాడు. చిత్రం గీసిన గుడ్డ పాతదే. కుడి పైమూల నుంచి ఎడమకు వాలిన దేహం, కింద చెయ్యి చాచిన మరియమాత. అన్సెల్మ్‌ను జైల్లో వేయించవచ్చన్న సంతోషంతో పెట్టె మూయబోయి, ఆగాడు.

మరియమాత చెయ్యి చక్కగా ఉంది. ఉండకూడదు. చర్చిలో జనం ఆ చిత్రాన్ని మోకరించి, పక్కనుంచి చూస్తారు. అందుకే చిత్రకారుడు ఆ చేతిని కొలతకు మించి సాగదీశాడు. ఎదురుగా చూస్తే వికారంగా ఉంటుంది. పక్కనుంచి చూస్తే సరిపోతుంది, కొడుకు వేళ్లను అందుకుంటుంది. అమ్మ పోయినప్పుడు రుజెరో అక్కడే మోకరించాడు. ఇక్కడ నకలు తీసినవాడు ఆ తప్పు దిద్దాడు. చెయ్యి కొడుకుకు అందలేదు.

"కదలకు." గుమ్మంలో పిస్టల్‌తో అన్సెల్మ్. వెనుక ఓర్సోలా.

"కదలను. ఇది నకలని నీకు తెలుసా?"

అన్సెల్మ్ మెల్లగా ఆమె వైపు తిరిగాడు. ఆ చూపు రుజెరోకు బాగా తెలుసు. రెండేళ్లుగా అద్దంలో చూస్తున్నదే.

"నన్ను కూడానా, ఓర్సోలా?" అన్నాడు అన్సెల్మ్.

ఆ క్షణం చాలింది. రుజెరో పిస్టల్ లాక్కున్నాడు. ఓడ లంగరు ఎత్తేలోపే స్కాలా మనుషులు పైకొచ్చారు.

అసలు చిత్రం రేవులో, ఓర్సోలా వ్యానులో దొరికింది.

"చర్చికే తీసుకెళ్దామనుకున్నా," అంది ఆమె.

"మరి చిత్రం ఓడలో ఉందని నాకెందుకు చెప్పావు?"

"వాణ్ణి పట్టుకోవాలని నీకు అంత ఆశగా ఉందిగా."

గుడ్ ఫ్రైడే నాటికి చిత్రం గోడెక్కింది. వ్యాను విమానాశ్రయం దారి వైపు ఎందుకు తిరిగి ఉందో ఓర్సోలాను అడగమని స్కాలా ఆదేశించింది. రుజెరో ఇంకా అడగలేదు.