బూడిద మీద లేని గీత

రాత్రి పొయ్యిలో నిప్పులు ఆరిపోకుండా బూడిదతో కప్పేటప్పుడు చేసే ప్రార్థన ఎవరు ఎలా చేసినా దేవుడు వింటాడా? కానిస్టేబుల్ ఎలియాకిమ్‌కు ఈ సందేహం ఏళ్లుగా ఉంది. పాస్టరు గారిని అడగలేకపోయాడు.

ఆ ఆదివారం ఉదయం, మసాచుసెట్స్ తీరంలో సిలువ గుర్తు గీయడం కూడా పాపమని నమ్మే ఆ ఊళ్లో, మెహిటబెల్ తన పొయ్యి ముందు చచ్చి పడి ఉంది. తల పగిలింది. పక్కనే ఇనప చువ్వ.

ఆ ఇంట్లో ఉండేది ఇంకా ఇద్దరే. కొడుకు జాబెజ్. ఐర్లండ్ నుంచి వచ్చిన పనిమనిషి ఓనోరా.

"నేను అటక మీద నిద్రపోతున్నా. ఇదే చంపింది," అన్నాడు జాబెజ్.

"ఎందుకు?"

"దెయ్యంతో పొత్తున్నదానికి కారణం కావాలా? రోజూ నిప్పులు కప్పి బూడిదలో సిలువ గీస్తుంది. కొరడాతో కొట్టించాం. మానిందా?"

"మానలేదు," అంది ఓనోరా. అప్పటికే చేతులు కట్టేశారు. "అది గీయందే నాకు నిద్రపట్టదు."

"మరి నిన్న రాత్రి?"

"అమ్మగారు నన్ను ముందే పడుకోమన్నారండీ. పొలం అమ్మనని కొడుకుతో తేల్చి చెప్పాలన్నారు."

ఊరు ఉరితాడు గురించి మాట్లాడుకుంది. ఎలియాకిమ్ మాత్రం ఆ పొయ్యిని ఎవరినీ ముట్టనివ్వలేదు. మర్నాడు పెద్దల్ని అక్కడికే పిలిచాడు.

"రక్తం బూడిద కింద ఉంది, చూడండి. అంటే నిప్పులు కప్పింది చంపినవాళ్లే. బూడిద మీద గీత ఉందా?"

లేదు.

"భయపడి గీయలేదేమో," అన్నాడు జాబెజ్.

"కొరడాకే భయపడలేదు కదయ్యా. మంట వదిలేసి పడుకోకూడదని మీ అమ్మ నీకు నేర్పింది. ఆమెను చంపాక కూడా నీ చెయ్యి ఆ మాట విన్నది."

జాబెజ్ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"అలా వదిలేస్తే ఇల్లు కాలిపోదూ?" అన్నాడు మెల్లగా.

అతన్ని తీసుకుపోయారు. ఓనోరాకు క్షమాపణ ఎవరూ చెప్పలేదు. "ఆ సిలువ సంగతి తర్వాత విచారిద్దాం," అన్నాడు ఒక పెద్దాయన, టోపీ పెట్టుకుంటూ.

ఓనోరా కట్లు విప్పేసరికి పొయ్యి చల్లారిపోయి ఉంది. సాయంత్రం ఎలియాకిమ్ ఇనప పారలో కణకణలాడే నిప్పులు తెచ్చాడు. అతని కూతురు పుట్టిన చలికాలంలో, తమ పొయ్యి ఆరిపోతే, అతని భార్య ఈ ఇంటి నుంచే నిప్పు అడిగి తీసుకెళ్లింది. తిరిగి ఇవ్వడం కుదరనే లేదు.

"గీత గీసుకోవచ్చా, కొరడా కూడా తెచ్చారా?" అంది ఓనోరా.

అతను మోకాళ్ల మీద కూర్చుని, పారలో ఒక్క నిప్పు కూడా మిగలకుండా పొయ్యిలో పోశాడు.