మరిది దాచిన కాగితం

హైదరాబాద్ దవాఖాన నుంచి అన్నదమ్ములిద్దరూ ఆర్మూర్ తిరిగొచ్చిన మర్నాటి నుంచే లసుమవ్వకు మరిది మీద అనుమానం మొదలైంది. అవి తొంభై మూడులో పసుపు ఉడకబెట్టే రోజులు. పొయ్యి దగ్గరే కూలబడిన తన భర్త ముత్తెన్నకు గుండెపోటని ఊళ్లో డాక్టర్ చెప్పాడు. మరి పట్నం డాక్టర్ ఏమన్నాడు? అడిగితే, "ఆపరేషన్ చేస్తరట వదినె, ఫికర్ చెయ్యకు" అంటూ మరిది దేవిదాస్ మొహం తిప్పుకునేవాడు. ఆమె గదిలోకి అడుగుపెట్టగానే అన్నదమ్ముల మాట ఆగిపోయేది...

ఒక మధ్యాహ్నం కిటికీలోంచి కంటపడింది. దేవిదాస్ ఏదో కాగితం మీద అన్నతో సంతకం చేయించి, గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. లసుమవ్వ కిటికీ దగ్గరే ఆగిపోయింది. ఆలూర్ తోవలో ఉన్న చేను ఇద్దరికీ ఉమ్మడి. మనిషి మంచాన పడగానే రాయించుకుంటున్నాడా? పదేళ్లప్పటి నుంచి తాను అన్నం కలిపి పెట్టిన మరిదేనా...

అతను స్నానానికి వెళ్లగానే, కొయ్యకు వేలాడుతున్న చొక్కాలోంచి కాగితం తీసి, పక్కింట్లో ఉండే బడిపంతులు గంగాదాస్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీశాడు.

"గిది భూమి కాగితం కాదు లసుమవ్వా, బైపాస్ ఆపరేషన్‌ది. గుండెకు రక్తం కొట్టే బలం మస్తు తగ్గిందట. బల్ల మీదనే పాణం పోవచ్చు, చెయ్యకుంటే ఎక్కువ దినాలు ఉండడు అని డాక్టర్ రాసిండు. అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నమని ముత్తెన్న సంతకం, జిమ్మేదారి తనదని దేవిదాస్ సంతకం."

ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలియదు. మరిది ముందు కాగితం పెట్టింది.

"నా మొగని పాణం సంగతి నాకు చెప్పవా? నేను పరాయిదాన్నా?"

దేవిదాస్ తల దించుకున్నాడు. "చెప్తే నువ్వే వేలిముద్ర ఏస్తనంటవు వదినె. అన్నకేమన్న అయితే, నా చేతులతోని నేనే సంపుకున్ననని బతికినన్ని దినాలు ఏడుస్తవు. గందుకే నా పేరు రాసిన. తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటవని..."

ఈ మనిషినా తాను శంకించింది!

"నేను... భూమి కోసమనుకున్న బిడ్డా."

"ఎరికే వదినె."

లసుమవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, అతని సంతకం పక్కనే వేలిముద్ర వేసింది. "నిందొస్తే ఇద్దరం మోద్దాం."

పట్నంలో ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. మూడో నాటికి ముత్తెన్న కళ్లు తెరిచాడు. గండం గడిచింది గానీ గుండె ఇంకా బలహీనమేననీ, ఇక చేనుపని కుదరదనీ డాక్టర్ చెప్పి వెళ్లాడు. తలవైపు నిలబడ్డ భార్యను గమనించక, ముత్తెన్న తమ్ముడి వైపు చూసి సన్నగా అడిగాడు.

"మీ వదినెకు చెప్పలేదు గదరా?"

దేవిదాస్ నోరు విప్పేలోపే లసుమవ్వ భర్త చెయ్యి అందుకుంది.

"వాడు చెప్పలే, నేనే పట్టుకున్న. ఇగ భయపడేదుంటే ముగ్గురం కలిసే భయపడుదం."