నాలుగో చరణం, మూడో కాఫీ

హస్నియా వంటింటి గడప మీద పడి ఉంది. తల వెనక భాగం పగిలింది. పక్కనే కాఫీ గింజలు దంచే ఇత్తడి రోకలి. బరువు కిలోన్నర. పడ్డవి మూడు దెబ్బలు. చంపడానికి మొదటిది చాలు. మిగతా రెండూ కసి.

సారయెవో, వ్రాత్నిక్ పేట. సాయంత్రం 5.40.

ఇన్‌స్పెక్టర్ మెవ్లుద్ తండ్రి రాగి పాత్రల వ్యాపారి. ఏ సరుకైనా నాలుగు వైపులా తిప్పి చూశాకే నోరు తెరవడం ఆ ఇంటి అలవాటు. మెవ్లుద్ పొయ్యి వైపు చూశాడు. పొడుగు పిడి రాగి గిన్నెలు మూడు. మూడింటిలోనూ కాఫీ మడ్డి. పళ్లెంలో తాకని కప్పు ఒకటి, నిండుగా, చల్లగా.

ముందు గదిలో కేక వినబడింది. పరుగెత్తాడు.

హస్నియా కొడుకు జాయిమ్, కసాయి కొట్టు నడుపుతాడు. అతని రెండు చేతులూ సద్మిర్ గొంతు చుట్టూ బిగిసి ఉన్నాయి. సద్మిర్‌కు ఇరవై నాలుగేళ్ళు. హస్నియా దగ్గర పాట నేర్చుకుంటున్నాడు. నెత్తుటి చొక్కాతో వీధిలో పరిగెడుతుంటే పోలీసులు పట్టుకొచ్చారు. ముక్కు చితికి నెత్తురు కారుతోంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు లాగుతున్నా పట్టు వదలడం లేదు.

మెవ్లుద్ మోచేత్తో జాయిమ్ పక్కటెముకల్లో ఒక్కటి పొడిచాడు. పట్టు జారింది.

"మా అమ్మ రక్తం వీడి చొక్కా మీద ఉందన్నా!" జాయిమ్ రొప్పుతూ అరిచాడు. "వీణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్తే తీసుకెళ్ళు. ఎప్పుడు బయటికొస్తే అప్పుడు నరుకుతా."

బెదిరింపు కాదు. జాయిమ్ అన్నంత పనీ చేసే మనిషి. అసలువాడు దొరక్కపోతే ఈ ఇంటి నుంచి రెండో శవం లేవడం ఖాయం.

"ఎన్నింటికొచ్చావురా?" మెవ్లుద్ సద్మిర్‌ని అడిగాడు.

"నాలుగూ ఇరవైకి సార్."

"వెళ్ళింది?"

"నాలుగున్నరకి. మామ్మ అప్పటికే పడి ఉంది. లేపబోయాను. చేతులన్నీ రక్తం. భయమేసి పరిగెత్తాను."

"ఎందుకొచ్చావు?"

"రేపటి సభలో 'మూసిన కిటికీ' పాడాలి. నాలుగో చరణం మామ్మకి ఒకసారి వినిపిద్దామని."

"దానికి మూడే చరణాలు గదా?" అన్నాడు కానిస్టేబుల్. "మా పెళ్ళిలో నేనే పాడాను."

ఆ పాట పాడనివాళ్ళు ఊళ్ళో లేరు. నలభై మంది గాయకులు రికార్డు చేశారు. ప్రియురాలు కిటికీ మూసేసిందని ఒక మగవాడు గుండె బాదుకునే పాట. కట్టింది పాతతరం గాయకుడు వెహ్బియా అని అందరి నమ్మకం. రేపు ఆయన పుట్టినింటి గోడకు శిలాఫలకం పెడుతున్నారు. పెట్టిస్తున్నది ఆయన మనవడు ప్రొఫెసర్ జెవాద్.

అల్మారాలో టేప్ రికార్డర్ మూత తెరిచి ఉంది. క్యాసెట్ లేదు. "అందులో మామ్మ వాళ్ళమ్మ పాడిన పాట ఉండేది సార్," అన్నాడు సద్మిర్.

ఎదురింటి మునీరా తన కిటికీ దగ్గర చిక్కుడుకాయలు వలుస్తూ మధ్యాహ్నమంతా కూర్చుంది.

"రెండింటికి ప్రొఫెసరొచ్చాడు. నాలుగూ ఇరవైకి ఈ కుర్రాడు. మధ్యలో పిల్లి కూడా రాలేదు నాయనా."

"ప్రొఫెసర్ ఎప్పుడు వెళ్ళాడు పెద్దమ్మా?"

"చూళ్ళేదు. నాకు వీధి గుమ్మమే కనబడుద్ది. పెరటి తలుపు కనబడదు."

పెరటి తలుపుకు లోపలే గడియ. అది తీసి ఉంది.

6.30కి ప్రొఫెసర్ వచ్చాడు. కబురు పెడితే వచ్చాడు. కోటు మీద ముడత లేదు.

"రెండింటికొచ్చాను. ఒక్క కాఫీ తాగాను. రెండూ ఇరవైకి పెరటి దారిన వెళ్ళిపోయాను. అటు మా ఇల్లు దగ్గర."

డాక్టర్ మాట ప్రకారం చావు మూడున్నర దాటాకే.

మెవ్లుద్ అందరినీ పొయ్యి చుట్టూ నిలబెట్టాడు.

"జాయిమ్, అతిథి కూర్చుని ఉండగా మీ అమ్మ గిన్నెలు కడిగేదా?"

"అదేం మాటన్నా? మెడపట్టి గెంటినట్టు కాదూ?"

"వెళ్ళాక?"

"గుమ్మం దాటగానే తోమేసేది."

"ఇక్కడ మూడు గిన్నెలున్నాయి. ఒక్కటీ తోమలేదు. అంటే మూడూ ఒకే అతిథికి పెట్టినవి. మన మర్యాద ప్రకారం మొదటిది రమ్మన్న కాఫీ. రెండోది కబుర్ల కాఫీ. మరి మూడోది?"

జాయిమ్ మొహం మారింది. "ఇక లేవమన్న కాఫీ."

"అది తాకలేదు. చూసుకో, నిండుగా ఉంది. పది నిమిషాలున్న సద్మిర్‌కి మూడు కాఫీలు ఎవరు కాస్తారు? ఇంటి పిల్లాడికి లేవమన్న కాఫీ ఎవరు పెడతారు?"

"నా తర్వాత పెరటి వైపు నుంచి ఎవరో వచ్చుంటారు," అన్నాడు ప్రొఫెసర్.

"గోడ దూకి వచ్చినవాడికి రమ్మన్న కాఫీ పెట్టదు ప్రొఫెసర్ గారూ. మూడూ మీకే. రెండు గంటలు బతిమాలారు. క్యాసెట్ ఇవ్వనంది. లేవమంది. మీరు లేచారు, రోకలితో."

ప్రొఫెసర్ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. క్యాసెట్ బయటికొచ్చింది. ఎవరూ కదిలేలోగా పొయ్యి మూత ఎత్తి నిప్పుల్లోకి విసిరాడు. మెవ్లుద్ చెయ్యి పెట్టాడు. చర్మం కాలింది. టేపు ముడుచుకుపోయింది. మెవ్లుద్ రెండో చేత్తో ప్రొఫెసర్ మణికట్టు మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

నొప్పితో వంగిపోతూనే నవ్వాడు జెవాద్. "ఇంక లేదు! ఆ ముసల్దాని తల్లి గొంతు ఇంక లేదు. మా తాత పాట మా తాతదే."

గోడకి చేరబడి ఉన్న సద్మిర్ నోట్లోని నెత్తురు ఉమ్మాడు. పాడాడు.

*కిటికీ మూసింది నేను కాదు, మేకులు కొట్టింది నువ్వు.*
*గడప మీద నావాడి నెత్తురు, నీ కత్తికి ఇంకా తడి.*
*ఏడవకు వెహ్బియా, నా ఏడుపు నాకే ఉండనీ.*

నలభై మంది పాడిన మగవాడి దుఃఖం ఒక ఆడమనిషిది. హస్నియా తల్లిది. కాదన్నందుకు వెహ్బియా ఆమె ప్రియుణ్ణి పొడిచి చంపాడు. తన పేరున్న చరణం కోసేసి, ఆమె శోకాన్ని తనదని ఊరూరా పాడుకున్నాడు.

"నేర్పేసిందా?" ప్రొఫెసర్ గొంతు కీచుమంది. "ముందే నేర్పేసిందా?"

"పోయిన చలికాలమే," అన్నాడు సద్మిర్.

జెవాద్‌ను ఈడ్చుకుపోయారు. జాయిమ్ తన చేతులు చూసుకున్నాడు. సద్మిర్ మెడ మీద ఆ వేళ్ళ అచ్చులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఆ మూడు గిన్నెలూ కోర్టుకి," అన్నాడు మెవ్లుద్. "ముట్టుకోకు."

జాయిమ్ తలూపి, మేకుకు వేలాడుతున్న నాలుగో గిన్నె దించాడు. నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. కుర్చీ సద్మిర్ వైపు జరిపాడు.

"కూర్చో," అన్నాడు. "ఇది మొదటిది."