వినని అర నిమిషం

మా కళ్ళద్దాల షాపులో అందరూ ఆమెను మహారాణి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. కౌంటర్ దగ్గర ఫ్రేములు చూపిస్తుంది. వెనక గదిలో అద్దాలు అరగదీసే నన్ను ఆమె భూతద్దం అంటుంది. అన్నింట్లోనూ గీతలు వెతుకుతానట.

పొగరు కాకపోతే ఏమిటి? నేను చెబుతుండగానే ఒక్కోసారి చూపు ఎటో నిలిపేస్తుంది. అద్దాలు తుడిచే గుడ్డ నలుపుతూ ఉంటుంది. పిలిస్తే పలకదు. కాసేపటికి "ఆఁ, ఏంటి?" అంటుంది.

పోయిన నెల వానకు ఇద్దరం మెట్ల దగ్గర ఆగిపోయాం. గుండె చిక్కబట్టుకుని నా మనసులో మాట చెప్పాను. గుడ్డ నలిపి నలిపి, "వాన తగ్గినట్టుంది" అని వెళ్ళిపోయింది. ఇష్టం లేకపోతే లేదనొచ్చుగా! ఆ రోజు నుంచీ నేను ముభావంగానే ఉన్నాను.

అలాంటిది సోమవారం తనే వెనక గదిలోకి వచ్చింది.

"రేపు సాయంత్రం నాతో నరాల డాక్టర్ దగ్గరికి రావాలి."

"నేనా? ఎందుకు?"

"నాకు మూర్ఛ ఉంది. పదహారో ఏట నుంచీ మాత్రలే. పడిపోయి రెండేళ్ళు దాటింది కదా, తగ్గించమంటే, పగలంతా నిన్ను చూసేవాళ్ళను తీసుకురా అన్నారు." గొంతు తగ్గించింది. "ఆ మాత్రలతో మధ్యాహ్నానికే కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను బాగానే ఉంటున్నానని ఒక్క మాట చెప్పు చాలు."

"అంతేగా," అన్నాను.

డాక్టర్ గారు తలపండిన మనిషి. పక్కన మహారాణి వాళ్ళమ్మ కూడా కూర్చుంది.

"ఈ అమ్మాయి ఎప్పుడైనా మాట మధ్యలో ఆగిపోతుందా బాబూ? పిలిచినా పలకకుండా?"

చెప్పమన్నది ఒక్క మాట. ఆ మాట అబద్ధమని అప్పుడే అర్థమైంది.

"అవునండీ. వారానికి రెండు మూడుసార్లు. చూపు నిలిచిపోతుంది, చేతిలో గుడ్డ నలుపుతుంది. ఒక అర నిమిషం. నేను పొగరనుకున్నాను."

"నాకలాంటివేం లేవు!" ఆమె కళ్ళు నిండాయి. "నిన్ను నమ్మి తెచ్చుకున్నాను చూడు!"

"నీకు తెలియదమ్మా. అవీ మూర్ఛే, చిన్నవి. ఆ కాసేపు నీకు గుర్తుండదు." డాక్టర్ గారు పెన్ను తీశారు. "బాగా గుర్తున్నది ఒకటి చెప్పు బాబూ. అప్పుడు నువ్వేమన్నావో కూడా. ఆమెకు వినపడిందో లేదో నాకు తెలియాలి."

"పోయిన నెల పద్నాలుగున, మెట్ల దగ్గర. నేనన్నది... వాళ్ళమ్మగారు ఉన్నారండీ."

"ఉండనీ. ఇది వైద్యం."

నేల చూపులు చూస్తూ చెప్పాను. "నువ్వంటే ఇష్టం, పెళ్ళి చేసుకుందామా అన్నానండీ. వాన తగ్గినట్టుంది అంది."

వాళ్ళమ్మ దగ్గింది.

"విన్నావా అమ్మా, ఆ రోజు?"

ఆమె లేదన్నట్టు తల ఊపింది. "నెల రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేనేం తప్పు చేశానో అని ఏడ్చాను."

మాత్రలు తగ్గలేదు. మెల్లగా వేరే మందుకు మారుద్దామన్నారు, మత్తు తక్కువట. అలా ఆగిపోయినప్పుడల్లా తేదీ, టైము రాసి మూడు నెలలకు తెమ్మని నాకు చెప్పారు.

బయటికొచ్చాక అడిగాను. "కోపమా?"

"చాలా. ఇన్నాళ్ళూ తగ్గిందనుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "అయినా ఆ మాట మళ్ళీ చెప్పు."

చెప్పాను. ఆమె ఖాళీ చేతులు రెండూ నా ముందు చాపింది.

"బాగా చూసుకో, భూతద్దం. ఏమీ నలపడం లేదు. అంతా విన్నాను. సరే అంటున్నాను."

"నేనైతే రెండుసార్లు విన్నాను," అంది వెనక నుంచి వాళ్ళమ్మ. "ఇంక పదండి, మందుల షాపు మూసేస్తారు."