ముందే పడ్డ అక్షరాలు

వడమాలపేటలో రూతు నడిపే డీటీపీ సెంటర్లో కంప్యూటరుది మహా నిదానం. పెళ్లికార్డు తెరవమంటే, ఆమె ఎదురంగట్లో టీ తాగి గ్లాసు తిరిగిచ్చి వచ్చేదాకా ఇసుక గడియారం బొమ్మ తిప్పుతూ కూర్చునేది. 2002 వానాకాలంలో ఇక ఓపిక నశించి, తిరుపతి నుంచి మెకానిక్ మునస్వామిని పిలిపించింది. అతను ఎక్కడో పాడైపోయిన కొత్తరకం కంప్యూటరులోంచి తీసిన ర్యామ్ తెచ్చి బిగించాడు.

"ఇది శానా స్పీడుదక్కా. మీ మదర్‌బోర్డేమో పాతది," అన్నాడు మూత పెడుతూ. "అయినా ఏం కాదు. బోర్డు నడకకే ఇదీ నడస్తాది. ముందుకు దూకే పనే లేదు."

"కార్డు బిరీన తెరుసుకుంటే సాలప్పా."

అతను వెళ్లగానే వాన పట్టుకుంది. రూతు మొగుడు యేసుపాదం, అచ్చయిన కార్డులు తేవడానికి మధ్యాహ్నమే మోపెడ్ మీద పుత్తూరు ప్రెస్సుకి పోయాడు. వానలో ఆ రోడ్డున లారీలు ఎట్లా తోలుతారో ఆమెకు తెలుసు. మనసు నిలవక పనిలో పడింది.

కార్డు చిటికెలో తెరుచుకుంది! రూతుకు నవ్వొచ్చింది. పెళ్లికూతురి పేరుకు 'ప' కొట్టిందో లేదో, 'పల్లవి' అని పూర్తిగా పడింది. పెళ్లికొడుకు పేరుకైతే వేలు కీబోర్డును తాకనే లేదు. 'గిరిప్రసాద్' అని పడిపోయింది.

నవ్వు ఆగిపోయింది. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

అక్షరాలు ఆగలేదు.

పెళ్లిమాటలు ఒక్కో వరుసా చెరిగిపోయాయి. గదిలో కాలిన దుమ్ము వాసన. తెల్లటి తెర మీద కొత్త వరుస మొదలైంది... 'ప్రభువునందు నిద్రించిన'...

చర్చివాళ్ల సంతాప కార్డులన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. కానీ అలాంటి పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. తను కొట్టబోయేదే ముందుగా పడుతోందంటే... ఈ మాటలూ తనే కొట్టబోతోందా? ఎవరి కోసం?

కర్సరు మినుకుమినుకుమంది. తర్వాత నెమ్మదిగా... 'యే'...

"వొద్దు... ప్రభువా, వొద్దు..."

రూతు ప్లగ్గు పట్టి లాగేసింది. తెర నల్లబడింది. పేరు పూర్తి కాలేదు. అదొక్కటే ఆమెకు ధైర్యం. గోడకు జారబడి ప్రార్థన చేసుకుంది.

మోపెడ్ చప్పుడేమీ వినపడలేదు. తలెత్తేసరికి గుమ్మంలో యేసుపాదం నిలబడి ఉన్నాడు, నిలువెల్లా తడిసి.

రూతుకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. బండి యాడ పెట్టినావని అడగబోయింది.

"బండి రోడ్డు పక్కనే ఉండాది," అన్నాడు.

ఆమె ఇంకా నోరు తెరవలేదు. మరి కార్డులేవీ, అనుకుంది.

"కార్డులు తడిసిపోయినాయి."

రూతు గోడకు ఇంకా ఒదిగిపోయింది. ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది... నువ్వు బతికే ఉండావా? అది బయటికి రాకుండా రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

"అది మాత్రం అడగొద్దు రూతూ."

గొంతు వినిపించింది. అతని పెదవులు ఆ తర్వాత కదిలాయి.