నెత్తురు ఫ్లాస్కు

అసూయ అంటే ఏమిటో ఎరగని మగవాడు వరంగల్లు జిల్లా మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. సీక్రెట్ ఏజెంట్ సారంగపాణి. కావాలంటే ఖిలా వరంగల్ రాతి తోరణం మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తాను.

1986 డిసెంబరు. హనుమకొండలో ఒక టైలర్ షాపు వెనక గది. చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"డాక్టర్ జ్ఞానప్రకాశం ఎరికేనా?"

"ఎరికే సార్. మా ఇంటామె ఆయన దవాఖానకే పోతది." సారంగపాణి దవడ బిగిసింది. "సెంటు కొట్టుకుంటడు."

"సెంటు సంగతి తర్వాత. కొందరు ఆడవాళ్లకు గర్భసంచి లోపలి పొర బయట కూడా మొలుస్తుంది. నెలనెలా ప్రాణం పోయేంత నొప్పి. ఎండోమెట్రియోసిస్ అంటారు. మన ఒంట్లో పుట్టే విషాన్ని కడిగేసే ఎంజైములు కొన్ని ఉంటాయి. అవి పుట్టుకతోనే మనిషికో రకంగా ఉంటాయట. ఆ తేడాకూ ఈ జబ్బుకూ లింకు ఉందేమోనని డాక్టర్ అనుమానం. అందుకే ఒకే ఇంట్లో తల్లీ బిడ్డల నెత్తురు తీశాడు. తల్లి పోయిన నెల చనిపోయింది. ఆ సీసా పోతే ఇక దొరకదు."

"ఎవరికి కావాలి సార్?"

"జెనీవా సిండికేట్ అనే దొంగల ముఠాకు. వాళ్ల కళ్లన్నీ డాక్టర్ మీదే. అందుకే ఆ సీసాలు పెట్టిన ఫ్లాస్కును సిటీబస్సులో కొరియర్ తెస్తుంది. కాజీపేట స్టేషన్లో డాక్టర్ అందుకొని హైదరాబాద్ ల్యాబుకు రైలెక్కుతాడు. నీ కోడ్, 'చలి మస్తుగున్నది.' జవాబు, 'గొంగడి ఇంట్లనే మరిచిన.' సిండికేట్‌లో చేరి మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ మిస్ రత్నమ్మ కూడా బస్సులో ఉంటుంది. పలకరించకు."

చీఫ్ ఒక గొడుగు ఇచ్చాడు. పిడి నొక్కితే తూటా.

సారంగపాణి పల్లీలమ్మేవాడి వేషంలో బస్సెక్కాడు. ముందు సీట్లో రత్నమ్మ. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. డ్రైవర్ రోడ్డు కన్నా అద్దమే ఎక్కువ చూస్తున్నాడు. ఆమె వెనక ముఖం నిండా కొంగు కప్పుకున్న మనిషి, ఒళ్లో మూట.

"చలి మస్తుగున్నది," అన్నాడు.

"గొంగడి ఇంట్లనే మరిచిన." కొంగు జరిగింది. సాక్షాత్తూ అతని భార్య రాజక్క!

అసూయ ఎరగడన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒట్టు కూడా.

"ఆ సెంటు డాక్టర్ నీ చేతికే ఇచ్చిండా?" పళ్లు నూరాడు. "ఏం మాట్లాడుకుంటరు మీరిద్దరు?"

"మెల్లగ! ఆఫీసుకు పోతాన అని పల్లీలమ్ముతానవా?"

"మాట మార్చకు."

"నా కడుపునొప్పి గురించి. పెండ్లయిన కాన్నుంచి మీ అమ్మ నటన అనవట్టె. నువ్వు ఒక్కనాడన్న అడిగినవా? ఆయన అడిగిండు. అమ్మ, అక్క, నేను నెత్తురిచ్చినం. ఇప్పుడు మా అమ్మ మిగిలింది గీ సీసలనే."

'ఆయన అడిగిండు' అన్న ముక్క సారంగపాణి గుండెలో ముల్లులా దిగింది. ఆ ముల్లు పీక్కునే పనిలో, ఫాతిమానగర్‌లో ఎక్కినవాణ్ణి గమనించలేదు. నల్లబట్టలు, మెడలో మాల, గుబురు గడ్డం. "స్వామి శరణం!" అనగానే జనం దారిచ్చారు. సిండికేట్ మనిషి! వాడు తిన్నగా వచ్చి మూట మీదికి వంగాడు.

"దూరం స్వామీ!" రాజక్క అరిచింది. "నేను బయటున్న. మూట సుత ముట్టద్దు!"

నెలసరి మాట వింటే మాల వేసుకున్న అసలు స్వామి కిటికీలోంచైనా దూకేవాడు. వీడు మూట పట్టి గుంజాడు.

"ఓయమ్మ! దొంగస్వామి!" వెనక సీటు మల్లక్క చెప్పు తీసింది. ఆమె వెనక ఇంకా నాలుగు చెప్పులు లేచాయి. ఆ గుంజులాటలో మూటలోంచి ఫ్లాస్కు జారి తెరిచి ఉన్న తలుపు వైపు దొర్లింది. సారంగపాణి గొడుగు పారేసి బోర్లా దూకాడు. ఫుట్‌బోర్డు అంచున ఫ్లాస్కు అతని వేళ్లకు చిక్కింది. పల్లీలు రోడ్డు పాలయ్యాయి.

కాజీపేటలో వాణ్ణి పోలీసులు దించుకున్నారు. రత్నమ్మ కళ్లద్దాలు తీసింది.

"నల్లబట్టలు కుట్టిచ్చింది నేనే. శరణు చెప్పుడు నేర్పిన. ఎవరికి దూరముండాల్నో నేర్పలే."

రాజక్క నవ్వింది. "ఇన్నేండ్లు గా మాటతోనే నన్ను మూలకు కూసోబెట్టిన్రు. ఇయ్యాల అక్కరకొచ్చింది."

స్టేషన్లో డాక్టర్ ఫ్లాస్కును రెండు చేతులా అందుకున్నాడు. "రాజక్కా, నా అనుమానం నిజమైతదో కాదో చెప్పలేను. నీ నొప్పి మాత్రం నటన కాదు. అది ఇప్పుడే చెప్తాన." ఆయన ఎక్కగానే రైలు కదిలింది.

సారంగపాణి భార్య వైపు తిరిగాడు. "ఇప్పుడు సుత నొస్తాందా?"

ఆమె కళ్లు తుడుచుకొని తలూపింది. అంతలో రత్నమ్మ వెళ్తూ, "వస్త పాణీ!" అంది.

"పాణీ?" రాజక్క చూపు ఆ లిప్‌స్టిక్ మీద ఆగింది. "గామె ఎవలు?"

ఈ కథలో నేను కల్పించింది గొడుగులోని తూటా ఒక్కటే. సెంటు సారంగపాణి కల్పన. డాక్టరు దగ్గర వచ్చింది స్పిరిట్ వాసన.